సాంతోకా నడక, భిక్ష, ఒంటరితనం: తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్ సంచారి కవి తనెదా సాంతోకా హైకూలు ఒకటో రెండో చదివి, ఇంకా తెలుసుకుందామని నెట్‌లో వెతికేవాళ్ళకి ముందుగా అదే పేరున్న రామెన్ నూడుల్స్ షాపులు కనిపిస్తాయి. నూడుల్స్ సంగతి పక్కనపెట్టి, కవి గురించి చదువరులు మళ్ళీమళ్ళీ అడిగే ప్రశ్నలకి జవాబులు ఇక్కడ ఉన్నాయి. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, కొన్ని రెండు ముక్కల్లో తేలిపోతాయి.

సాంతోకా అంటే ఎవరు?

అసలు పేరు తనెదా షోయిచి. 1882 డిసెంబర్ 3న జపాన్‌కి పడమటి వైపున్న యమగుచి ప్రాంతంలో, హోఫు అనే ఊళ్ళో భూస్వాముల ఇంట పుట్టాడు. 1940 అక్టోబర్ 11న షికోకు ద్వీపంలోని మత్సుయమ నగరంలో పోయాడు. సాంతోకా కలం పేరు. నలభై మూడేళ్ళ వయసులో జెన్ (ధ్యానానికి పెద్దపీట వేసే బౌద్ధ శాఖ) భిక్షువు వేషంలో రోడ్డెక్కి, తర్వాతి కాలమంతా దాదాపు అడుక్కుంటూ, నడుస్తూ, తాగుతూ, హైకూలు రాస్తూ గడిపాడు.

బషో కూడా ఇలాగే తిరిగాడు కదా, ఇద్దరికీ తేడా ఏంటి?

బషో (1644–1694) బతికుండగానే హైకూలో పెద్ద గురువు. 1689లో ఉత్తరాదికి బయల్దేరినప్పుడు వెంట సోరా అనే శిష్యుడున్నాడు, దారిలో ఆతిథ్యం ఇచ్చిన పెద్దమనుషులున్నారు. ప్రయాణం కష్టమైనదే, కాదనను. కానీ బషో ఊళ్ళోకి వస్తున్నాడంటే కవులంతా పోగయ్యేవాళ్ళు.

సాంతోకా ఊళ్ళోకి వస్తే కుక్కలు మొరిగేవి. అతను గడప ముందు నిలబడి మంత్రం చదివితే కొందరు బియ్యం వేసేవాళ్ళు, కొందరు పొమ్మనేవాళ్ళు. బషో ప్రయాణాలకి ఒక లక్ష్యం ఉండేది: పాత కవులు పాడిన చోట్లని కళ్ళారా చూడటం. సాంతోకాకి చాలాసార్లు రేపు ఏ ఊరో కూడా తెలీదు.

ఇల్లూ వాకిలీ ఉన్నవాడు రోడ్డున ఎందుకు పడ్డాడు?

ఒక్క కారణం చెప్పడం కుదరదు. దెబ్బ మీద దెబ్బ తగిలిన జీవితం అది.

1892 మార్చిలో తల్లి ఫుసా ఇంటి బావిలో దూకి చనిపోయింది. అప్పటికి పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. తండ్రికి రాజకీయాల మీద, ఆడవాళ్ళ మీద ఉన్న ధ్యాస ఇంటి మీద లేదు. నాయనమ్మ దగ్గర పెరిగాడు. టోక్యోలో వసెదా విశ్వవిద్యాలయంలో చేరి సాహిత్యం చదువుతూ, నరాల జబ్బు పాలై 1904లో చదువు మానేశాడు. తండ్రీకొడుకులు కలిసి సాకే (బియ్యంతో చేసే జపాన్ మద్యం) తయారీ పెట్టారు. తాగుడు అలవాటున్న మనిషి చేతికి సారా వ్యాపారం వస్తే ఏమవుతుందో అదే అయింది, దానికి తోడు తయారైన సరుకే పాడైపోయింది. 1916లో దివాలా. తండ్రి ఒక దిక్కుకి, ఇతను భార్యనీ కొడుకునీ తీసుకుని క్యుషు ద్వీపంలోని కుమమోతో నగరానికీ వెళ్ళిపోయారు.

1918లో తమ్ముడు జిరో ఆత్మహత్య చేసుకున్నాడు. 1919లో సాంతోకా ఒక్కడే టోక్యో వెళ్ళి చిన్నాచితకా పనులు చేశాడు, గ్రంథాలయంలో కొన్నాళ్ళు ఉద్యోగం చేశాడు. 1920లో విడాకులయ్యాయి. 1923 సెప్టెంబర్‌లో టోక్యోని నేలమట్టం చేసిన భూకంపం వచ్చింది. ఆ గందరగోళంలో పోలీసులు అనుమానంతో పట్టుకుని కొన్నాళ్ళు జైల్లో పెట్టారు కూడా. చివరికి మళ్ళీ కుమమోతోకే చేరాడు.

1924 డిసెంబర్‌లో ఒకరోజు పూర్తిగా తాగి కుమమోతో వీధిలో ట్రాముకి అడ్డంగా నిలబడ్డాడు. ఆ ఊళ్ళో ట్రాములు మొదలైంది ఆ ఏడాదే. డ్రైవర్ బ్రేకు వేశాడు, జనం మూగారు, తిట్టారు. తెలిసిన ఒకాయన పోలీసుల దాకా పోనివ్వకుండా చెయ్యి పట్టుకుని దగ్గర్లోని హోఓన్‌జి అనే జెన్ ఆలయానికి తీసుకెళ్ళాడు. అక్కడి గురువు మొచిజుకి గియాన్ ఏమీ అడగలేదని, తిట్టలేదని, ఉండమన్నాడని చెబుతారు. 1925 ఫిబ్రవరిలో అక్కడే సన్యాసం పుచ్చుకున్నాడు.

సన్యాసం తీసుకున్నాక గుడి పట్టునే ఉండొచ్చు కదా?

ఉండి చూశాడు. కుమమోతోకి ఉత్తరాన మితోరి అనే పల్లెలో కన్నోన్ (బౌద్ధుల కరుణామూర్తి) గుడికి కాపలాదారుగా పెట్టారు. పొద్దునా సాయంత్రం గంట కొట్టడం, చుట్టుపక్కల ఊళ్ళలో భిక్ష అడగడం, పల్లె జనం అడిగితే ఉత్తరాలు చదివిపెట్టడం, అంతే పని. ఆ బతుకు గురించి తనే రాసుకున్నాడు: ప్రశాంతం అనుకుంటే ప్రశాంతం, ఒంటరి అనుకుంటే ఒంటరి అని.

ఏడాదికి మించి నిలవలేకపోయాడు. 1926 ఏప్రిల్‌లో, తీరని సందేహాన్ని మోసుకుంటూ భిక్షాటనకి బయల్దేరానని రాశాడు. ఆ ప్రయాణం మొదట్లో క్యుషు కొండల్లో పుట్టిందే అతని అందరికీ తెలిసిన హైకూ:

చొచ్చుకుపోతున్నా
ఇంకా చొచ్చుకుపోతున్నా
పచ్చటి కొండలే

దీన్ని ప్రకృతి వర్ణన కింద చదివేవాళ్ళు ఎక్కువ. నాకైతే ఇందులో ఊపిరాడనితనం వినిపిస్తుంది. అవతలి గట్టు కనిపించడం లేదు మనిషికి.

ఎక్కడెక్కడ తిరిగాడు?

ముందు క్యుషు. 1927, 1928లలో జపాన్ ప్రధాన ద్వీపం హోన్షు పడమటి తీరాలు, తర్వాత షికోకు ద్వీపంలోని 88 ఆలయాల ప్రదక్షిణ యాత్ర. మళ్ళీ క్యుషు. 1930 సెప్టెంబర్‌లో కుమమోతో నుంచి దక్షిణానికి వెళ్ళి యత్సుషిరో, హితోయోషి, మియజాకి మీదుగా తిరిగాడు. 1931 డిసెంబర్‌లో మళ్ళీ బయల్దేరి ఫుకుఓకా, సగా, నగసాకి వైపు. 1934లో మధ్య జపాన్ కొండల్లోకి వెళ్తే న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో పడ్డాడు. 1936లో టోక్యో దాటి ఉత్తరాన హిరైజుమి దాకా. 1939లో మరోసారి షికోకు.

అన్నీ కాలినడకనే అనుకోకండి. చేతిలో నాలుగు డబ్బులుంటే రైలెక్కేవాడు, పడవెక్కేవాడు. మిగతాదంతా గడ్డి చెప్పులతో నడకే.

డబ్బులెక్కడివి? ఏం తినేవాడు?

మన పల్లెల్లో యాయవారం చూసినవాళ్ళకి ఇది తొందరగా అర్థమవుతుంది. నల్ల అంగీ, తల మీద వెదురు టోపీ, చేతిలో ఇనుప భిక్షాపాత్ర. ఇంటి ముందో దుకాణం ముందో నిలబడి బౌద్ధ సూత్రం చదవాలి. లోపల్నుంచి ఎవరైనా వచ్చి గుప్పెడు బియ్యమో చిల్లరో వేస్తే ఆశీర్వదించి ముందుకి కదలాలి. రాకపోయినా కదలాల్సిందే.

సాంతోకా ఈ లెక్కలు డైరీలో రాసేవాడు: ఈ రోజు ఎన్ని సెన్లు (వంద సెన్లు ఒక యెన్), ఎంత బియ్యం. ఆ బియ్యాన్ని రాత్రి సత్రంలో ఇచ్చి బస ఖర్చులో సర్దుకునేవాడు. బసకీ తిండికీ సరిపడా వస్తే ఆ పూటకి చాలించేవాడు. తాగాలనిపిస్తే ఇంకో వీధి తిరిగేవాడు. ఆ రెండో వీధిలో చదివిన మంత్రంలో భక్తి లేదని తనకే తెలుసు, ఆ మాట కూడా రాసి పెట్టుకున్నాడు. మనసు చెడి ఉన్న రోజున భిక్షకి వెళ్ళకూడదని, వెళ్తే ఇచ్చేవాళ్ళ మీద కోపం వస్తుందని చాలాసార్లు అనుకున్నాడు. కొన్నిచోట్ల పోలీసులు అడుక్కోవద్దని అడ్డుకునేవాళ్ళు.

భిక్షాపాత్రలోకి కూడా
వడగళ్ళు

1932 జనవరిలో రాసింది ఇది. బియ్యం పడాల్సిన పాత్రలో ఆ రోజు మంచు పలుకులు టకటకా పడ్డాయి. ఫిర్యాదూ కాదు, పొంగిపోవడమూ కాదు.

రాత్రుళ్ళు ఎక్కడ పడుకునేవాడు?

చవక సత్రాల్లో. 1930ల మొదట్లో రాత్రికి ముప్ఫై సెన్లు, ఆ చుట్టుపక్కల. రోజూ డైరీ పైన తేదీ, వాతావరణం, ఊరు, సత్రం పేరు రాసి, పక్కన ఎంత తీసుకున్నారు, ఉత్తమమా మధ్యమమా అధమమా అని మార్కులేసేవాడు. ఇవాళ మనం హోటళ్ళకి రేటింగ్ ఇస్తున్నట్టే, కాకపోతే అతనిది అడుక్కుని కట్టిన డబ్బు.

ఒకే గదిలో నలుగురైదుగురు. మందులమ్మేవాళ్ళు, యాత్రికులు, కొరియా నుంచి వచ్చి మిఠాయిలమ్ముకునేవాళ్ళు, పని పోయినవాళ్ళు. ఒకే దీపం. నల్లులు. పక్కవాడి గురక. వాళ్ళతో ఏం మాట్లాడాడో, ఎవరు ఎందుకు ఇల్లు వదిలారో కూడా రాసేవాడు. ఆ కాలం జపాన్‌లో రోడ్డున పడ్డ మనుషుల గురించి తెలుసుకోవాలంటే ఈ డైరీలు మంచి ఆధారం. హైకూల కంటే డైరీలే ఎక్కువ ఇష్టపడేవాళ్ళున్నారు, నేనూ కొన్ని రోజులు ఆ పక్షమే.

ఇంతమంది మధ్య తిరిగినవాడు ఒంటరివాడెలా అయ్యాడు?

ఈ ప్రశ్నకే జవాబు నెమ్మదిగా చెప్పాలి.

సాంతోకాని "అన్నీ వదిలేసిన స్వేచ్ఛాజీవి"గా పోస్టర్ మీద వేసుకోవడం జపాన్‌లోనూ మామూలే, బయటా మామూలే. కానీ డైరీలు తెరిస్తే కనిపించే మనిషి వేరు. అతను ఏ ఊరికి ఎప్పుడు చేరతాడో ముందే స్నేహితులకి కార్డు ముక్క రాసేవాడు. ఉత్తరాలు ఆ ఊరి పోస్టాఫీసులో అట్టేపెట్టమనేవాడు. ఊళ్ళోకి రాగానే పోస్టాఫీసుకి పరుగు. ఉత్తరం ఉంటే ఆ రోజు పండగ, అందులో మనియార్డర్ ఉంటే సాయంత్రం సాకే. లేకపోతే డైరీలో ఆ పేజీ అంతా దిగులు.

అతని ఒంటరి ప్రయాణాన్ని మోసింది పోస్టాఫీసూ, స్నేహితుల జేబులూ. అందరికంటే ఎక్కువ మోసింది కిమురా ర్యోకుహెయి. ఫుకుఓకా బొగ్గుగనుల దగ్గర డాక్టరు, పిచ్చుకల మీద హైకూలు రాసినవాడు. సాంతోకా ఎన్నిసార్లు అప్పులు చేసి మొహం చెల్లక వచ్చినా తలుపు తీశాడు. సాంతోకాకి ఆ సంగతి తెలుసు, అందుకే సిగ్గుపడేవాడు. సిగ్గుతో మళ్ళీ రోడ్డెక్కేవాడు. రోడ్డు మీద నాలుగు రోజులకే మనుషుల మీద బెంగ పుట్టేది. మనుషుల దగ్గరికి వస్తే రెండు రోజుల్లో తాగి అల్లరి చేసేవాడు, మళ్ళీ సిగ్గు. ఈ గానుగ చుట్టూనే అతని పదిహేనేళ్ళు తిరిగాయి.

1930లో రాసిన ఒక డైరీ పుటలో ఇలా ఉంది: నడవని రోజు ఒంటరిగా ఉంటుంది, తాగని రోజు ఒంటరిగా ఉంటుంది, రాయని రోజు ఒంటరిగా ఉంటుంది; ఒక్కణ్ణే ఉండటం ఒంటరితనమే గాని, ఒక్కణ్ణే నడవటం, ఒక్కణ్ణే తాగటం, ఒక్కణ్ణే రాయటం ఒంటరితనం కాదు. ఊరికే కూర్చోవడమే అతనికి భరించరానిది. నడుస్తుంటే ఆ బరువు కాళ్ళకి దిగిపోయేది.

అలాగని నడక ప్రతిసారీ పనిచేసేది కాదు. మలుపు ఉంటే దాని వెనక ఏదో ఉందన్న ఆశ ఉంటుంది. అది కూడా లేనప్పుడు:

వంపు లేని దారి
ఒంటరిగా ఉంది

భార్యాపిల్లల్ని వదిలేసినవాడే కదా? అతన్ని మెచ్చుకోవడం ఏంటి?

అడగాల్సిన ప్రశ్నే. 1909లో సకినోని పెళ్ళి చేసుకున్నాడు, 1910లో కొడుకు కెన్ పుట్టాడు. కుమమోతోలో పెట్టిన పాత పుస్తకాల దుకాణం తర్వాత పటాల ఫ్రేముల దుకాణమైంది. దాన్ని నడిపింది, కొడుకుని పెంచింది సకినో. విడాకుల తర్వాత కూడా సాంతోకా తిరిగి తిరిగి అలిసిపోతే ఆ దుకాణానికే వచ్చేవాడు. ఆవిడ తిట్టేది, అన్నం పెట్టేది. కెన్ గనుల చదువు చదివి ఉద్యోగంలో చేరాక తండ్రికి డబ్బు పంపేవాడు.

సాంతోకా తన గురించి తాను ఏమీ దాచుకోలేదు. "ఏం చేసినా బాగుపడని నేను నడుస్తున్నాను" అన్న హైకూ అతనిదే. దాచుకోకపోవడం వేరు, బాధ్యత తీసుకోవడం వేరు. రెండోది అతను చెయ్యలేదు. అతని హైకూలు ఇష్టపడేవాళ్ళు సకినో వైపు కూడా ఒకసారి చూడాలి, అంతే నేననేది.

తల్లి గురించి ఏమన్నా రాశాడా?

తక్కువ రాశాడు, కానీ జీవితాంతం వదల్లేదు. తల్లి పేరున్న స్మారక ఫలకాన్ని మూటలో పెట్టుకుని తిరిగాడు. జపాన్ లెక్క ప్రకారం ఆవిడ 47వ వర్ధంతి 1938లో వచ్చింది. అప్పటికి అతని దగ్గర పెట్టడానికి ఏమీ లేదు, ఉడోన్ నూడుల్స్ తప్ప:

ఉడోన్ నైవేద్యం పెట్టి
అమ్మా
నేనూ తింటున్నాను

1940లో తన హైకూలన్నీ కలిపి ఒకే సంపుటిగా వేసినప్పుడు, చిన్న వయసులోనే మరణానికి తొందరపడిన తల్లి ఆత్మకి దాన్ని అంకితమిచ్చాడు. అప్పటికి అతనికి యాభై ఏడేళ్ళు. తల్లి బతికిన దానికంటే చాలా ఎక్కువ బతికేశాడు.

తాగుడు నిజంగా అంత ఎక్కువా?

ఎక్కువే. తాగుడులో మెట్లు కూడా తనే చెప్పాడు: ముందు హాయిగా, తర్వాత తూలుతూ, తర్వాత పడుతూ లేస్తూ, తర్వాత దొర్లుతూ, చిరిగిపోయి, చివరికి బురదై. మొదటి మెట్టు దగ్గర ఆగడం అతనికి రాలేదు. అప్పులు చేశాడు, గొడవలు పడ్డాడు, పొద్దున్నే లేచి ఏడ్చాడు. తాగితేనే కవిత్వం వస్తుందనుకునే కుర్రాళ్ళకి ఒక మాట: అతని మంచి హైకూల్లో చాలా భాగం మర్నాడు పొద్దున నడుస్తూ వచ్చినవే. సాకే గురించి రాసినవి ఉన్నాయి గాని, నీళ్ళ గురించి రాసినవి అంతకన్నా బాగుంటాయి. ఏ ఊరెళ్ళినా అక్కడి నీళ్ళ రుచి చెప్పేవాడు.

అక్షరాల లెక్క లేదు, ఋతువు లేదు. ఇది హైకూయేనా?

జపాన్‌లోనే దీని మీద తగాదాలున్నాయి. 5-7-5 లెక్క, ఋతువుని సూచించే మాట తప్పనిసరి అనే సంప్రదాయం నుంచి ఒగివర సెయిసెన్‌సుయి అనే కవి బయటికొచ్చాడు. 1911లో సోవున్ అనే పత్రిక మొదలుపెట్టి, లోపలి లయని బట్టి హైకూ ఎంత పొడుగైనా, ఎంత పొట్టైనా ఉండొచ్చన్నాడు. సాంతోకా 1913లో ఆ గుంపులో చేరాడు. చివరిదాకా దాన్నే నమ్మాడు.

సంప్రదాయవాదులు దీన్ని హైకూ అనరు. అనకపోతే నష్టమేమీ లేదు. ఇంకో సంగతి, అతను రాసింది ఒకే వరసలో. ఇక్కడ మూడు లైన్లుగా, రెండు లైన్లుగా విరిచింది మన కంటి అలవాటు కోసమే.

హోసాయి అని ఇంకో కవి పేరు పక్కనే వస్తుంది. ఎవరతను?

ఒజాకి హోసాయి (1885–1926). టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి ఇన్సూరెన్స్ కంపెనీలో మంచి ఉద్యోగం చేశాడు. తాగుడుతో అంతా పోగొట్టుకుని గుళ్ళు పట్టుకు తిరిగి, చివరికి షోదో ద్వీపంలో ఒక చిన్న కుటీరంలో క్షయతో చనిపోయాడు. అతనూ సెయిసెన్‌సుయి శిష్యుడే. "దగ్గినా ఒక్కణ్ణే" అన్న హైకూ అతనిది.

సాంతోకా, హోసాయి ఎప్పుడూ కలుసుకోలేదు. 1926 ఏప్రిల్ 7న హోసాయి పోయాడు, అదే నెలలో సాంతోకా రోడ్డెక్కాడు. తర్వాత హోసాయి హైకూకి జవాబుగా ఇలా రాశాడు:

కాకి అరిచింది
నేనూ ఒక్కణ్ణే

1928లో ఒకసారి, 1939లో మరోసారి ఆ ద్వీపానికి వెళ్ళి సమాధి దగ్గర కూర్చున్నాడు. హోసాయి ఒకచోట కూర్చుని ఒంటరైనవాడు, ఇతను నడుస్తూ ఒంటరైనవాడు. ఎవరి హైకూలు గొప్పవంటే చెప్పలేను. హోసాయివి ఎక్కువ చల్లగా ఉంటాయి.

మొదటిసారి చదివేవాళ్ళు ఏ హైకూలు చదవాలి?

పైన చెప్పినవి కాక ఇంకో మూడు చెబుతాను.

ఇంకెన్నాళ్ళీ తిరుగుడు
గోళ్ళు కత్తిరించుకుంటున్నాను

ఎంత తిరిగినా గోళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోతాయి. సత్రం మూలన కూర్చుని కత్తిరించుకుంటున్న మనిషి కనబడితే చాలు, దీనికి వివరణ అక్కర్లేదు.

వెనకనుంచి కనిపించే నేను
చలివానలో
తడుస్తూ పోతున్నానా

దీని పైన "ఆత్మపరిహాసం" అని పెట్టుకున్నాడు. 1931లో కుమమోతోలో ఒక గది అద్దెకి తీసుకుని, చిన్న పత్రిక సైక్లోస్టైల్ చేసి చందాలతో బతుకుదామని చూశాడు. సాగలేదు, డిసెంబర్‌లో మళ్ళీ బయల్దేరాడు. ఆ నేపథ్యంలో వచ్చింది. ఎవరి వెనక భాగం వాళ్ళకి కనబడదు కదా. తనని సాగనంపుతున్నవాళ్ళ కళ్ళతో తన్ను తాను చూసుకుంటున్నాడు.

టోపీ మీద టప్పున
కెమేలియా పువ్వు

కెమేలియా రేకులు రేకులుగా రాలదు, పువ్వు పువ్వంతా తెగి పడుతుంది. అందుకే ఆ చప్పుడు. పైన ఏం పడిందోనని ఉలిక్కిపడి, తల ఎత్తి, ఓహో ఇదా అనుకునేంత సమయం ఆ ఒక్క వరసలో ఉంది.

డైరీలు తగలబెట్టాడంటారు, నిజమేనా?

నిజం. 1930 సెప్టెంబర్‌లో కుమమోతో వదిలేటప్పుడు అప్పటిదాకా రాసిన డైరీలన్నీ కాల్చేశాడు. "తగలబెడితే డైరీల బూడిద ఇంతేనా" అని దాని మీద హైకూ కూడా ఉంది. వదిలేద్దామనుకున్నా వదలనివాటికి కన్నీళ్ళొస్తున్నాయని ఆ నెలలోనే రాశాడు. ఎలాగూ ఆ ప్రయాణంలోనే కొత్త డైరీ మొదలైంది. నిండిన నోటుపుస్తకాలని కిమురా ర్యోకుహెయికి అప్పజెప్పేవాడు కాబట్టి అవి బతికాయి. మనకి అతని మొదటి సంచారం గురించి తక్కువ తెలియడానికి, 1930 తర్వాత దాదాపు ప్రతిరోజూ తెలియడానికి కారణం ఇదే.

ఎప్పుడూ తిరగడమేనా, ఒకచోట స్థిరపడలేదా?

స్థిరపడాలని తహతహలాడాడు. 1932లో కవతన అనే వేడినీటి బుగ్గల ఊరు నచ్చి అక్కడ కుటీరం వేసుకుందామనుకుంటే, ఊరివాళ్ళు హామీ చూపించమన్నారు. అడుక్కునే సన్యాసికి హామీ ఎవరుంటారు. ఆ కల చెదిరింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో స్నేహితులు యమగుచి దగ్గర ఒగోరిలో ఒక పాడుబడ్డ ఇల్లు బాగుచేసి ఇచ్చారు. దానికి గోచు-అన్ అని పేరు పెట్టుకున్నాడు. పుట్టిన ఊరు అక్కడికి దగ్గరే, కానీ ఆ ఊరి జనానికి మొహం చూపించే పరిస్థితి కాదు.

అక్కడ కూరగాయలు పెంచాడు, చిన్నచిన్న హైకూ పుస్తకాలు మడత కాగితాల మీద అచ్చువేయించి స్నేహితులకి పంపాడు. స్నేహితులు వస్తే ఆనందం, వెళ్ళిపోతే భరించలేని నిశ్శబ్దం. 1935 ఆగస్టులో నిద్రమాత్రలు మింగాడు, బతికిపోయాడు. ఆ ఏడాది చివర్లోనే దూరప్రయాణం కట్టాడు. 1938కి ఇల్లు కూలేదశకి వచ్చింది. దగ్గర్లోని యుదా వేడినీటి బుగ్గలకి మారాడు. ఏడాది గడిచాక అదీ వదిలేశాడు.

బషో నడిచిన దారిలో ఇతనూ వెళ్ళాడా?

1936లో. బషో 1689లో హిరైజుమి శిథిలాల దగ్గర కూర్చుని, ఒకప్పటి యోధుల వైభవం గడ్డిపాలైందని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. సాంతోకా అదే చోటుకి చేరి రాసింది ఇంతే: ఇక్కడిదాకా వచ్చి, నీళ్ళు తాగి, వెళ్ళిపోతున్నాను. చరిత్ర లేదు, యోధులు లేరు. దాహం తీరింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదవండి, ఇద్దరి మధ్య రెండున్నర వందల ఏళ్ళలో ఏం మారిందో తెలుస్తుంది.

ఎలా చనిపోయాడు?

1939 డిసెంబర్‌లో మత్సుయమలో, మియుకి ఆలయం ఆవరణలో ఒక చిన్న ఇల్లు చూసిపెట్టారు స్నేహితులు. ఇస్సో-అన్ అంటారు. దోగో వేడినీటి స్నానాలు దగ్గర. ఎవరికీ భారం కాకుండా ఠక్కున పోవాలని అతని కోరిక.

1940 అక్టోబర్ మొదట్లో ఒక రాత్రి తాగి ఇంటికి వస్తుంటే ఒక తెల్ల కుక్క వెంటపడింది. దాని నోట్లో పెద్ద బియ్యప్పిండి రొట్టె. సాంతోకా అందులో కొంత తీసుకుని తిన్నాడు. కుక్క దగ్గర కూడా భిక్ష పుచ్చుకున్నానని డైరీలో దానికి థాంక్స్ చెప్పుకున్నాడు. మిగిలింది పిల్లి తినేసింది. దాని మీదా ఒక హైకూ రాశాడు: శరత్కాలపు రాత్రి, కుక్క దగ్గర పుచ్చుకున్నాను, పిల్లికి పెట్టాను.

అక్టోబర్ 10 రాత్రి ఆ ఇంట్లోనే స్నేహితుల హైకూ సమావేశం. సాంతోకా పక్కగదిలో పడుకుని గురక పెడుతున్నాడు. మామూలే, తాగి పడుకున్నాడు, లేపొద్దనుకున్నారు. సమావేశం ముగించుకుని వెళ్ళిపోయారు. తెల్లవారుజామున గుండె ఆగి పోయాడు. గోడకి అవతల హైకూలు చదువుకున్నవాళ్ళు వెళ్ళిపోయాక, ఎవరికీ తెలియకుండా. కోరుకున్న చావే దొరికిందని స్నేహితులు సరిపెట్టుకున్నారు.

బతికుండగా పేరు వచ్చిందా?

సోవున్ కవుల్లో, స్నేహితుల్లో తెలుసు, బయట అంతంతమాత్రం. పోయాక ఒయమ సుమిత అనే స్నేహితుడు పట్టు వదలకుండా పుస్తకాలు వేశాడు. ఈయన హిరోషిమాలో తపాలా శాఖ ఉద్యోగి. పోస్టాఫీసు రుణం ఇక్కడ కూడా ఉంది. 1970లలో సాంతోకా పేరు ఒక్కసారి జపాన్ అంతా పాకింది. ఆఫీసూ ఇల్లూ తప్ప తెలియని ఉద్యోగులు రైళ్ళలో చదివారు.

తెలుగులో హైకూ రాసేవాళ్ళకి ఇతను పనికొస్తాడా?

1990లలో ఇస్మాయిల్, గాలి నాసరరెడ్డి లాంటివాళ్ళ వల్ల హైకూ మనకి దగ్గరైంది. తర్వాత చాలామంది మూడు లైన్లు, పదిహేడు అక్షరాల దగ్గర ఆగిపోయారు. లైన్లు సరిపోయాయి గాని అందులో మనిషి లేడు. సాంతోకాని చదివితే ఆ లెక్క భయం పోతుంది. ప్రమాదం ఇంకోటుంది: "నేను ఒంటరిని" అని రాసేస్తే హైకూ అయిపోయిందనుకోవడం. అతను గోళ్ళు చూపించాడు, టోపీ చూపించాడు, ఖాళీ పాత్ర చూపించాడు. అవి చూపించకుండా ఒంటరితనం మాట వాడిన చోట అతనూ పలచబడ్డాడు.

జపాన్ వెళ్తే చూడదగ్గవి ఏమున్నాయి?

హోఫులో 2017లో తెరిచిన సాంతోకా మ్యూజియం ఉంది. సమాధి కూడా ఆ ఊళ్ళోనే, గోకోకుజి ఆలయంలో. ఒగోరిలో గోచు-అన్‌ని మళ్ళీ కట్టారు. దగ్గర్లోని షిన్-యమగుచి రైల్వే స్టేషన్ పాత పేరు ఒగోరియే. బుల్లెట్ ట్రైన్ ఆగుతుంది, స్టేషన్ దగ్గర అతని విగ్రహం ఉంది. మత్సుయమలో ఇస్సో-అన్ చూసి, దోగోలో స్నానం చేసి రావచ్చు. అతని హైకూలు చెక్కిన రాళ్ళు పడమటి జపాన్ ఊళ్ళలో చాలాచోట్ల తగులుతాయి. ఒకప్పుడు గడప తొక్కనివ్వని ఊళ్ళు కూడా ఇప్పుడు పోటీపడి రాళ్ళు నిలబెట్టాయి.